దివిటీ గుంట

కాకి ముట్టలేదు.

ఏటి ఇసకలో అరిటాకు పరిచి, అన్నం ముద్ద పెట్టి, దాని మీద అచ్చియ్యమ్మకి ఇష్టమైన మినపగారె కూడా పెట్టి, అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు. పెద్దదినానికి ఆడా మగా అంతా ఏటికి వెళ్ళడం వాళ్ళ ఇళ్ళల్లో ఆచారం. కాకులు లేకనా అంటే, ఒడ్డున తాటిచెట్టు మీద పదికి తక్కువ లేవు. ఒక్కటీ దిగదు. ఎండ మాడు మీదికి వచ్చింది. చోడవరంలో ఇంటి దగ్గర వండిన వంటలన్నీ చల్లారిపోతున్నాయి. పోయినవాళ్ళకి ఏదో కోరిక ఉండిపోతే కాకి ముట్టదని ఆ చుట్టుపక్కల పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు.

"ఏటి కావాలమ్మా నీకు? నోరిప్పి సెప్పు," అన్నాడు పెదబాబు చేతులు జోడించి. తల్లి బతికున్నన్నాళ్ళూ ఆ మాట అంత మర్యాదగా అతనెప్పుడూ అడిగి ఉండలేదు.

సింహాచలం మెట్లు మోకాళ్ళ మీద ఎక్కుతానన్నాడు. కాకులు కదల్లేదు. ఏటేటా వందమందికి అన్నం పెడతానన్నాడు. ఒక కాకి రెక్క ఎత్తి ముక్కుతో గోక్కుంది. మునసబు గణపతిరావు గొడుగు ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని, "కొండలూ గుళ్ళూ ఎందుకురా? మీ అమ్మ ఏటడిగిందో నీకు తెల్దా? కూతురి సంగతి సెప్పు," అన్నాడు.

ఆడవాళ్ళందరి వెనకా నిలబడి ఉన్న పైడితల్లి తల ఇంకా కిందికి దించేసింది. మొగుడు పోయి పుట్టింటికి వచ్చి ఏడేళ్ళయింది. ఆ ఏడేళ్ళూ అన్న చెరకుతోటలో చాకిరీ చేసింది. ఊరి వాగు గెడ్డ, దాని పక్కనున్న అరెకరం అచ్చియ్యమ్మకి పుట్టింటివాళ్ళిచ్చింది. అది పైడికి ఇచ్చెయ్యరా అని ముసలమ్మ మంచం పట్టాక కొడుకుని రోజూ అడిగింది. అతను "సూద్దాం, సూద్దాం" అంటూనే ఆవిణ్ణి సాగనంపేశాడు.

ఇప్పుడు నలుగురూ చూస్తున్నారు. కాకులు కూడా చూస్తున్నాయి. పెదబాబు గొంతు సవరించుకున్నాడు.

"గెడ్డ పక్క అరెకరం పైడికి ఇచ్చెత్తానమ్మా. ముట్టు."

ఒక కాకి తాటాకు మీంచి లేచి ఇసకలో వాలింది. రెండు గెంతులు గెంతి ఆకుకి బారెడు దూరంలో ఆగిపోయింది. మెడ వంచి మనుషుల్ని చూసింది. అప్పుడు పెదబాబు కూతురు చిన్నమ్మి ఒక్క అరుపు అరిచింది.

"మామ్మా! ఆకరి నెల పుస్తకం తెచ్చి కథ సదువుతాను! దివిటీ గుంట ఏటయిందో సెప్తాను!"

కాకి గారెని ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. వెంటనే మిగతావన్నీ గుంపుగా దిగి అన్నం మీద పడ్డాయి.

ముందు ఎవరు నవ్వారో తెలీదు కానీ, ఆ నవ్వు అందరికీ అంటుకుంది. పదకొండు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఉన్నారేమో, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. "ముసిల్ది కథ కోసం కూకుందిరా!" అన్నారెవరో. చిన్నమ్మి ఒళ్ళంతా పులకరించిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఆ పక్క మాటలో గుంట. అయిదో తరగతితో బడి మానిపించేసిన పిల్ల. ఆ పిల్ల మాటకి మామ్మ దిగి వచ్చింది. ఇంతకంటే గొప్ప ఏముంటుంది?

ఆ గొప్ప ఎంతసేపు ఉందంటే, విస్తళ్ళు వేసేదాకా ఉంది.

పప్పు వడ్డిస్తున్నప్పుడు మునసబు, "అయితే పెదబాబూ, అరెకరం సంగతి కరణంగారి సెవిన ఎప్పుడేస్తావు?" అని అడిగాడు. పెదబాబు అన్నం కలుపుతూనే అన్నాడు. "అరెకరానికి రాలేదు కదండీ. తమరూ సూసేరు. ఆ మాటన్నాక కాకి ఆగిపోయింది. గుంట కథ అన్నాక ముట్టింది. మా అమ్మ అడిగింది కథ. ఆ కథ సదివించేస్తాను. నా తల్లి కోరిక నాను తీర్చనేటి?"

కాకి ముట్టడం అందరూ కళ్ళారా చూశారు. చిన్నమ్మి చెయ్యి విస్తట్లోనే ఉండిపోయింది. గుమ్మం పక్కన పైడితల్లి చారుగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ చిన్నమ్మిని చూసి చిన్నగా నవ్వింది. "బాగా అరిసేవే. మామ్మకి వినబడింది," అంది. అందులో దెప్పు ఏమీ లేదు. ఉంటే చిన్నమ్మి ఆ పూట అన్నం తినగలిగేది.

మర్నాటినుంచి బెల్లం పని మళ్ళీ మొదలైంది. చావు వచ్చిందని చెరకు ఆగదు కదా. ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతున్నాయి. రసం కుండల్లోంచి పెనంలోకి వెళ్తోంది. పైడితల్లి పొయ్యి ముందు గొంతుకూర్చుని పిప్పి ఎగదోస్తోంది. పెనం పక్కన పాకం చూసే పీట మాత్రం ఖాళీగా ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆ పీట అచ్చియ్యమ్మది. నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి, వేళ్ళతో నలిపి, "దించండి" అని ఆవిడ అన్నాకే పెనం దిగేది. ఆ రోజు ఆ పని పెదబాబు చేశాడు.

బెల్లం గట్టిపడలేదు. దిమ్మ కట్టబోతే చేతికి జారిపోయింది. రెండో పెనమూ అంతే. రెండోరోజు ఒకటి జావయింది, ఇంకొకటి మాడి నల్లబడిపోయింది. అనకాపల్లి మార్కెట్టులో అలాంటి బెల్లం మొహం చూసేవాడుండడు. పెదబాబు గిన్నెలో చుక్క వేసిన ప్రతిసారీ ఒక కాకి వచ్చి గానుగ దూలం మీద కూర్చునేది. రోజూ కూర్చునే కాకే కావచ్చు. కానీ ఇదివరకు దాన్ని ఎవరూ పట్టించుకున్నది లేదు.

"అమ్మ ఇంకా ఎల్లలేదు," అన్నాడు పెదబాబు రెండోరోజు సాయంత్రం. అతని మొహంలో నెత్తురు లేదు. "కథ సదువుతానని మొక్కి సదవలేదు. అందుకే ఇక్కడే కూకుంది."

చిన్నమ్మికి కూడా అలాగే అనిపించింది. అనిపించడమేమిటి, వినబడుతోంది కూడా. పోయే రోజు మధ్యాహ్నం మామ్మ నోట్లో నీళ్ళు పోస్తే సగం పెదవి చివర నుంచి కారిపోయాయి. చిన్నమ్మి కొంగుతో తుడవబోతుంటే ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. "ఆ దివిటీ గుంట బయటికొచ్చిందేటే?" అని అడిగింది. "పుస్తకం ఇంకా రాలేదు మామ్మా," అంది చిన్నమ్మి. అదే ఆఖరి మాట. ఆ సమయంలో గదిలో ఇంకెవరూ లేరు. ఆ మాట చిన్నమ్మి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పిప్పి మోస్తున్నా, ఎడ్లకి కుడితి పెడుతున్నా, వెనకనుంచి ఎవరో అడిగినట్టే ఉంటోంది. బయటికొచ్చిందేటే?

మూడేళ్ళ కథ అది. పిల్లల మాసపత్రికలో నెలకి నాలుగు పేజీలు. బస్సులు ఆగే చోట దుకాణం పెట్టుకున్న బంగార్రాజు అనకాపల్లి బస్సులో ఆ పుస్తకం తెప్పించేవాడు. అచ్చియ్యమ్మ కోడిగుడ్లు తీసుకెళ్ళి ఇచ్చి పుస్తకం తెచ్చేది. పొయ్యి దగ్గర చెరకు మోపు మీద కూర్చుని చిన్నమ్మి చదివేది. పీట మీద మామ్మా, పొయ్యి ముందు అత్తా వినేవాళ్ళు. రాజకుమారుడు రత్నకేతు తన తండ్రి కిరీటం కోసం తొమ్మిది తలుపుల కోటలోకి వెళ్తాడు. లోపలంతా కటిక చీకటి. అతని ముందు దివిటీ పట్టుకుని ఒక పన్నెండేళ్ళ పిల్ల నడుస్తుంది. ఆ పిల్లకి రాసినాయన పేరు కూడా పెట్టలేదు. దివిటీపిల్ల అంటాడు, అంతే. పాముల తలుపు తీసింది ఆ పిల్లే, నిప్పుల తలుపు తీసింది ఆ పిల్లే. "రాజుగుంటడు ఒట్టి సన్నాసి. ఆ గుంట లేకపోతే మొదటి తలుపు దగ్గరే సచ్చిపోయేవోడు," అనేది మామ్మ. పోయిన నెల తొమ్మిదో తలుపు వచ్చింది. పైనుంచి రాతిపలక దిగిపోతుంటే దివిటీపిల్ల దాన్ని భుజాల మీద ఆపింది. రత్నకేతు కిరీటం పట్టుకుని ఆ పిల్ల కాళ్ళ పక్కనుంచి పాక్కుంటూ బయటికి వచ్చేశాడు. అక్కడ ఆపేసి, వచ్చే నెల ముగింపు అని వేశారు.

మూడోరోజు పొద్దున్నే పెదబాబు తనే బంగార్రాజు దుకాణానికి వెళ్ళాడు. పుస్తకమంటే కోపంతో మండిపడే మనిషి. "గుంటని సెడగొడతన్నావు" అని తల్లితో తగువు పడిన మనిషి. పుస్తకం తువ్వాల్లో చుట్టుకుని గుడినుంచి ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు.

"రేపు మునసబుగారిని పిలుత్తాను. నలుగురి ముందరా ఆకేసి, అన్నం పెట్టి, నువ్వు సదివెయ్యాల. దాంతో సరి," అన్నాడు.

చిన్నమ్మి పుస్తకం తీసుకుని పిప్పి కుప్ప వెనక్కి పోయింది. రేపు అందరి ముందూ తడబడకూడదు కదా, ఒకసారి చదివి చూసుకుందామనుకుంది. అది అబద్ధం. ఆత్రం ఆగక.

మొదటి రెండు పేజీల్లో రత్నకేతు గుర్రం ఎక్కి రాజ్యానికి వెళ్ళాడు. మూడో పేజీలో పట్టాభిషేకం. ఏనుగులు, గొడుగులు, పొరుగు రాజు కూతురితో పెళ్ళి. చిన్నమ్మి పంక్తుల మీద వేలు పరుగెత్తిస్తోంది. ఈ పెళ్ళి ఎవరికి కావాలి? పలక కింద ఉన్న పిల్ల సంగతేమిటి? నాలుగో పేజీ చివర, బొమ్మ కింద, మూడంటే మూడు పంక్తులున్నాయి. తొమ్మిదో తలుపు దగ్గర దివిటీపిల్ల శిలగా మారిపోయింది. ఆమె త్యాగానికి గుర్తుగా రత్నకేతు మహారాజు ఏటేటా ఆ శిలకు పూలదండ వేయించేవాడు. రాజ్యం సుభిక్షంగా ఉంది. సమాప్తం.

మళ్ళీ చదివింది. పేజీలేమైనా అంటుకుపోయాయేమోనని గోటితో విడదీసి చూసింది. ఏదైనా కాగితం ఊడిపోయిందేమోనని పుస్తకం మధ్య పిన్నుల దగ్గర వెతికింది. వెనక అట్ట లోపల, వచ్చే నెలనుంచి ఇంకో కొత్త కథ అని వేశారు. అందులో ఎగిరే మంచం ఉంటుందట.

చిన్నమ్మికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఎంత సులువుగా రాసేశాడు! వెనక్కి తిరిగి చూశాడని కూడా రాయలేదే! మూడేళ్ళు ఆ పిల్లచేత తలుపులు తీయించి, ఆఖరికి పలక కింద వదిలేసి దండ వేస్తాడట. ఆ రాసినవాడు ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకుని అడిగేది. తర్వాత ఆ మంట చల్లారిపోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. రేపు ఈ మాట మామ్మకి చెప్పాలి. బయటికొచ్చిందేటే అంటే, లేదు మామ్మా, రాయైపోయింది అని చెప్పాలి. అది వినడానికేనా ఆవిడ ఇక్కడ కాసుకుని కూర్చుంది?

"ఏటయిందే ఆ గుంట?"

చిన్నమ్మి చటుక్కున వెనక్కి తిరిగింది. పిప్పి కోసం గంప పట్టుకుని పైడితల్లి వచ్చింది. గొంతు అచ్చం మామ్మదే.

చిన్నమ్మి పుస్తకం ఒళ్ళో దాచుకుంది. పైడితల్లి దాని మొహం చూసి, గంప దించి, పిప్పి నింపుకోవడం మొదలుపెట్టింది.

"బయటికి రాలేదా?"

"రాయైపోయిందత్తా. ఏటేటా దండ ఏత్తారంట."

పైడితల్లి పిప్పి కూరుతూనే ఉంది. వేళ్ళ నిండా పొయ్యి కాల్చిన మచ్చలు. "అలాగే అవుద్ది మరి," అంది. "దివిటీ పట్టినోళ్ళకి కోట ఇత్తారేటే ఎవరైనా? దండైనా ఏసేరు." అని గంప నెత్తిన పెట్టుకుని పొయ్యి వైపు వెళ్ళిపోయింది.

ఆవిడ ఏడ్చినా, అన్నని తిట్టినా బాగుండేది. ఏ బాధా లేకుండా, వాన పడితే నేల తడుస్తుందన్నట్టు అనేసింది. చిన్నమ్మి అక్కడే కూర్చుండిపోయింది. ఏటి ఒడ్డున అరిచిన అరుపు మళ్ళీ దాని చెవిలో వినబడింది. కాకి ఇంకో రెండు గెంతులు గెంతేదేమో. తను నోరు మూసుకుని ఉంటే అయ్య మాటకే ముట్టేదేమో. ఇక అది ఎవరికీ తెలిసే దారి లేదు. పలక దిగుతున్నప్పుడు అత్త పక్కనుంచి కిరీటం పట్టుకుని పాక్కుంటూ వచ్చేసింది ఎవరు?

మర్నాడు పొద్దున్న పొయ్యి దగ్గర ఆకు వేశారు. అన్నం, గారె పెట్టారు. మునసబు గణపతిరావు కుర్చీలో కూర్చున్నాడు. ఏటికి వచ్చినవాళ్ళల్లో సగంమంది వచ్చారు. కథకి కొందరు, వింతకి కొందరు. పెనంలో రసం పొంగి, మడ్డి తీయించుకుని, పాకానికి తిరుగుతోంది. పెదబాబు నీళ్ళ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇవాళైనా బెల్లం నిలవకపోతే చేతికొచ్చిన చెరకంతా మట్టిపాలే. గానుగ దూలం మీద కాకి ఉంది.

చిన్నమ్మి చెరకు మోపు మీద కూర్చుని చదివింది. గుర్రం, రాజ్యం, ఏనుగులు. గొంతు బాగానే ఉంది. పెళ్ళి దాకా చదివింది. నాలుగో పేజీ తిప్పి, ఆగిపోయింది.

"సదువు," అన్నాడు పెదబాబు.

చిన్నమ్మి పుస్తకం మూసేసింది.

"మామ్మకి ఇది అక్కర్లేదు."

"ఏటే?"

"కథ మామ్మే సెప్పేసింది. పోయే రోజు మజ్జేన్నం. ఆ దివిటీ గుంట పలక తోసుకుని బయటికొచ్చేసిందంట. కోటలో సగం నాదని అడిగిందంట. రాజుగుంటడు సచ్చినట్టు ఇచ్చేడంట. ఇదే కథ, ఇంకెవడు ఏటి రాసినా నాకొద్దు అంది మామ్మ."

పొయ్యి ముందు పైడితల్లి తల ఎత్తింది.

మునసబు కుర్చీలో ముందుకి వంగాడు. "మరి ఏట్లో అలా అరిసేవేటే?"

"నాకు ఇనాలని ఉంది." చిన్నమ్మి కాళ్ళ వంక చూస్తూ చెప్పింది. "పుస్తకం కొనిపెట్టడానికి మామ్మ లేదు. అందుకని మామ్మ పేరు సెప్పేసేను."

తల్లి సన్యాసమ్మ జనంలోంచి వచ్చి కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది. చచ్చినవాళ్ళ పిండం ముందు అబద్ధమా అని ఇంకోటి కొట్టింది. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం రావలసిన తప్పు కాదది.

పెదబాబు దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని మొహం ఎత్తాడు. "మామ్మ మీద ఒట్టెయ్యి. అలా అన్నాదా?"

ఇది చిన్నమ్మి అనుకోలేదు. దూలం మీద కాకి అటు తిరిగి కూర్చుంది. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మామ్మ మీద ఒట్టు వేసి మామ్మ అననిది అన్నదని చెప్పాలి. ఆవిడ అడిగింది ఎప్పటికీ అడగనట్టే అయిపోవాలి. కథ కావాలని కూర్చున్న మామ్మని, అక్కర్లేదందని చెప్పి తోసేసినట్టవుతుంది.

"మామ్మ మీద ఒట్టు," అంది.

అని, పుస్తకం పొయ్యిలో పడేసింది. అట్ట మీది రంగుబొమ్మ ముడుచుకుని నల్లబడింది.

మునసబు కుర్చీలోంచి లేచి, "అయితే పెదబాబూ, అచ్చియ్యమ్మ అడిగింది కథ కాదు. ఇంక మిగిలింది నీ మాటేరా," అన్నాడు.

పెదబాబు పెనం వైపు చూశాడు. చెడిపోయిన మూడురోజుల పాకం అతని కళ్ళ ముందు మెదిలింది. కూతురి మొక్కు తీర్చలేదని ఇన్నాళ్ళూ హడలిపోయాడు. తీరనిది తన మొక్కని ఇప్పుడు తెలిసింది. దూలం వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

"అన్నా, దించండి," అంది పైడితల్లి. లేచి నిలబడింది. "ఇంకో నిముషమైతే మాడిపోద్ది."

ఆవిడ వాసన పట్టి చెప్పింది. నలుగురు మగవాళ్ళు పెనం దించారు. పెదబాబు గిన్నె చెల్లెలి చేతికిచ్చాడు. అలా ఇవ్వాలని తనకిన్నాళ్ళూ ఎందుకు తోచలేదో అతనికే తెలియలేదు. ఆవిడ చుక్క వేసి, వేళ్ళతో నలిపి, తల ఊపింది. ఆ పూట దిమ్మ రాయిలా నిలబడింది.

"ఎల్లుండి కరణంగారు వత్తారు," అన్నాడు పెదబాబు చెల్లెలి మొహం చూడకుండా. "గెడ్డకాడ హద్దురాళ్ళు ఎయ్యాల. నువ్వు కూడా రా."

చిన్నమ్మికి శిక్ష ఆ రోజే పడింది. ఇంట్లోకి పుస్తకం అన్నది రాకూడదు. పాత సంచికలు ముప్ఫై అయిదూ సన్యాసమ్మ బంగార్రాజు దుకాణంలో పొట్లాలకి ఇచ్చేసింది. వీధిలో ఆడవాళ్ళు చిన్నమ్మిని చూసి, పిండం దగ్గర అబద్ధమాడిన గుంట అని చెప్పుకున్నారు. ఆ పేరు చాలా ఏళ్ళు పోలేదు. పైడితల్లి మాత్రం ఒకసారి తల దువ్వుతూ, "అమ్మ నిజంగా అలా అన్నాదేటే?" అని అడిగింది. చిన్నమ్మి "ఊఁ" అంది. పైడితల్లి ఇంక అడగలేదు. చిక్కు తీస్తున్న చెయ్యి మాత్రం కాసేపు దాని తల మీదే ఉండిపోయింది.

హద్దురాళ్ళు వేసిన రోజు చిన్నమ్మిని రావద్దన్నారు. ఇంటి వెనక దడి దగ్గర నిలబడి చూసింది. గెడ్డ గట్టు మీద కరణంగారి గొడుగు, మునసబు గొడుగు, వాటి ముందు అయ్య కనపడ్డారు. వెనకాల అత్త వస్తోంది. గట్టు దగ్గర అందరూ ఆగారు. అత్త కూడా ఆగింది. అయ్య ఏదో అన్నాడు. అప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, గట్టు దాటి, అరెకరంలోకి దిగింది. నాలుగడుగులు వేసి నిలబడి, కిందికి వంగి మట్టి ముట్టుకుంది.

దడి మీద కాకి వాలింది.

చిన్నమ్మి ఇంట్లోకి పరుగెత్తి, చట్టిలో ఉన్న చద్దన్నం గుప్పెడు తెచ్చి దడి కింద పెట్టింది. కాకి దిగలేదు. మెడ వంచి దాన్నే చూస్తోంది. ఒట్టు సంగతి అడుగుతోందో, ఇంకేమైనా అడుగుతోందో. చిన్నమ్మి చుట్టూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"వచ్చేసింది మామ్మా. బయటికొచ్చేసింది."

కాకి కాసేపు అలాగే ఉంది. తర్వాత అన్నం ముట్టకుండానే గెడ్డ వైపు ఎగిరిపోయింది.